మూత లోపలి గీత

పోయిన వారం బురుల్‌ని మనం ఎర్రదిబ్బ ఎక్కుడు మధ్యలో వదిలేశాం. తుమ్ముతూ దగ్గుతూ ముందుకు పోనని మొరాయిస్తున్న పాత ట్రక్కులో బ్రేకు తొక్కిపట్టి, వెనక చక్రం కింద ఎవరైనా ఒక రాయి పెడతారేమోనని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తోంది. గోడవార పన్నెండుమంది మగాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కడూ రాయి పెట్టలేదు. పెట్టకపోగా ఒకడు, "మొగుడి బండి మొగుడి దారే పడుతోంది," అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆమె రివర్సు గేరు వేసి, అంగుళం అంగుళం వెనక్కి దింపుకుని, బండిని తిన్నగా షర్షేన్ షెడ్డుకి తెచ్చి పడేసింది.

ఎనిమిదేళ్ళ కిందట తెల్లకనుమ ఎక్కుతూ ఇదే ట్రక్కు ఇలాగే ఆగిపోయింది. అప్పుడు స్టీరింగు పట్టుకున్నది ఆమె మొగుడు ఎసెన్‌గుల్. బండి వెనక్కి జారి వాగులో పడింది. అతను పోయాడు, ముందు సీట్లో కూర్చున్న అతని తల్లీ పోయింది. తాగి నడిపాడు అంది ఊరు. ఆ మాట మొదట అన్నది పరాయివాడు కాదు, సొంత తమ్ముడు జపార్. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు లోకంలో. ఈ ఊరు మాత్రం చచ్చినవాడి చేతిలో బారెడు సీసా పెట్టి ఊరేగించింది.

బురుల్‌కి కావలసింది ఒక్కటే. ఈ వేసవి వలసలో ఊరి గుడారాలు మళ్ళీ ఈ ట్రక్కు ఎక్కాలి, ముందు సీట్లో ఊరి పెద్దావిడ కూర్చోవాలి, బండి తెల్లకనుమ దాటి పచ్చికబీళ్ళకి చేరాలి. ముసలమ్మ కూర్చున్న బండి అంటే ఊరు నమ్మిన బండి అని ఆ కొండల్లో అర్థం. ఆ సీట్లో మళ్ళీ ఒక ముసలమ్మ కూర్చుంటే ఎసెన్‌గుల్ పేరు మీది బురద కడిగినట్టే. పెద్దలు మొన్న ఎలాగో తలూపారు. నిన్న పొద్దున బండికి జబ్బు చేసింది. రేపు మధ్యాహ్నం నమాజు లోపు ఎర్రదిబ్బ ఎక్కి చూపించకపోతే గుడారాలన్నీ జపార్ ట్రక్కులోకే పోతాయి.

షర్షేన్‌కి అరవై నాలుగేళ్ళు. ఊరంతటికీ కలిపి ఒకే సమష్టి వ్యవసాయ క్షేత్రం ఉన్న రోజుల్లో పద్దెనిమిది ట్రక్కులకి ఆయనే వైద్యుడు. ఇప్పుడు క్షేత్రం లేదు, ట్రక్కులు లేవు, షెడ్డు కప్పు మీద సగం రేకులు కూడా లేవు. ఆయన కూతురు కుందుజ్ జపార్‌కి పెళ్ళాం. శత్రువు మామగారి గడప తొక్కడం బురుల్‌కి ముల్లు మీద నడకే. కానీ ఇంజిన్ మాట వినగలిగిన చెవి ఆ లోయ మొత్తంలో అదొక్కటే.

"స్టార్ట్ చెయ్యి," అన్నాడు షర్షేన్.

ఒక్క తిప్పుకే అందుకుంది. మెత్తగా తిరుగుతోంది. ఆయన ఒక కర్రముక్క చివర ఇంజిన్‌కి ఆనించి, రెండో చివర చెవికి ఆనించుకుని ఎనిమిది సిలిండర్ల దగ్గరా విన్నాడు. తర్వాత వెనక్కి వెళ్ళి పొగగొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"ఏముందే దీనికి? కొత్తకోడల్లా నోరెత్తట్లేదు."

"ఎక్కుడు తగలనీ పెద్దయ్యా. అప్పుడు చూద్దువుగాని దాని నోరు," అంది బురుల్.

"ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దుట్నుంచి."

"మొన్న?"

"మొన్న వాగులోంచి రాళ్ళ లోడు లాగింది. కిక్కురుమనలేదు."

"మధ్యలో ఎవరు ముట్టుకున్నారు?"

"దీన్నెవరు ముట్టుకుంటారు? ఊళ్ళో కుక్క కూడా దీని చక్రం దగ్గర కాలెత్తదు."

షర్షేన్ నవ్వలేదు. షెడ్డు వెనక ఒక మిట్ట ఉంది. దాని మీదకి రెండో గేరులో ఎక్కించమని, తను మెట్టు మీద నిలబడి వేలాడుతూ వచ్చాడు. సగం దాకా బాగానే వచ్చింది. అక్కణ్ణుంచి ఇంజిన్ ఉలిక్కిపడి, దగ్గి, వెనక గొట్టంలో ఢామ్మని పేలింది. చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

"మిస్సింగ్," అన్నాడు షర్షేన్, దిగుతూ. "ఎనిమిదింట్లో ఒకరో ఇద్దరో పని ఎగ్గొడుతున్నారు. దొంగల్ని పట్టాలి."

దొంగల్ని పట్టే పద్ధతి ఆయనది ఆయనకుంది. తొందరపడడు, ఊహించి ఏదీ మార్చడు. ముందు పెట్రోలు గాజుగ్లాసులోకి పట్టి ఎండలో పెట్టి చూశాడు. నీళ్ళు కలవలేదు. తర్వాత ఎనిమిది ప్లగ్గులూ విప్పి, విప్పిన వరసలోనే గోనెపట్టా మీద పేర్చాడు. ఆరు కాలిన రొట్టె అంచు రంగులో ఉన్నాయి. రెండు మాత్రం నల్లగా, పెట్రోలు తడి ఆరకుండా మెరుస్తున్నాయి. ఐదోదీ, నాలుగోదీ.

"ప్లగ్గులు పోయాయా?" ఆత్రంగా అడిగింది బురుల్. ప్లగ్గులే అయితే ఇంటి దగ్గర మంచివి రెండున్నాయి.

"ఆగవే. అల్లరి చేసినవాడు చెడ్డవాడో, వాడు కూర్చున్న చోటు చెడ్డదో తేలాలిగా."

ఐదో ప్లగ్గు తీసి ఒకటో గుంటలో, నాలుగో ప్లగ్గు రెండో గుంటలో బిగించి, వాటివి వీటిలో బిగించాడు. మళ్ళీ మిట్ట, మళ్ళీ దగ్గు. మళ్ళీ విప్పితే ఐదో గుంటలోదీ నాలుగో గుంటలోదీ తడి. ప్లగ్గుల తప్పు కాదు. వైర్లు అటుదిటు మార్చాడు. మూడోసారి మిట్ట, మూడోసారి దగ్గు. వైర్ల తప్పూ కాదు. ఐదో గుంటకి బొటనవేలు అడ్డం పెట్టి ఇంజిన్ తిప్పమన్నాడు. గాలి ఆయన వేలిని తన్నేసింది. నాలుగో గుంటా తన్నింది.

"ఊపిరికేం లోటు లేదు," అన్నాడు వేలు ఊదుకుంటూ. "గొంగళి పట్రా."

మందపాటి ఉన్ని గొంగళిని బానెట్ మీద గుడారంలా కప్పి ఇద్దరూ తలలు లోపల పెట్టారు. ఇంజిన్ తిరుగుతోంది. లోపల చిమ్మచీకటి, పెట్రోలు వాసన, గొర్రె వాసన. ఏ వైరైనా చిట్లి ఉంటే ఆ చీకట్లో నీలంనిప్పు కారుతూ కనిపించాలి. కళ్ళు చికిలించి ఎంతసేపు చూసినా ఒక్క మెరుపూ లేదు.

షర్షేన్ గొంతు చీకట్లోంచి వచ్చింది. "ఐదోది ముందు చివర, ఎడంపక్క. నాలుగోది వెనక చివర, కుడిపక్క. ఇంజిన్ మీద వీటికి ఇరుగూ లేదు పొరుగూ లేదు. మరి రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఎందుకు చస్తున్నాయి?"

"నన్నడుగుతావేం పెద్దయ్యా?"

ఆయన ఆమెని అడగడం లేదు. గొంగళి తీసేసి, ఇంజిన్ ఆపేసి, చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో, మోచేతులదాకా, పని అయిపోయినట్టు కడుక్కున్నాడు. పాలు పోసిన టీ రెండు గిన్నెల్లో వంచి ఒకటి ఆమె ముందు పెట్టాడు. రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది?"

"తాగు. చల్లారిపోతుంది."

"దొరికిందా, లేదా?"

"ఇంజిన్ మీద అవి దూరందూరం," అన్నాడు షర్షేన్, గిన్నెలోకి చూస్తూ. "కానీ కరెంటు పంచే డబ్బా ఉందే, డిస్ట్రిబ్యూటర్, దాని మూతలో మాత్రం ఐదూ నాలుగూ పక్కపక్క గదుల్లో ఉంటాయి. ముందు ఐదుకి పంచుతుంది, వెంటనే నాలుగుకి. ఆ ఇద్దరూ కలిసేది ఆ మూతలో ఒక్కచోటే."

"అయితే మూత తీసి చూడు."

ఆయన కదల్లేదు. బురుల్‌కి ఒళ్ళు మండింది. రేపు మధ్యాహ్నం నమాజు. వలస రోజున పిల్లలూ కుక్కలూ కూడా కదిలిపోతాయి, ఈయన టీ తాగమంటాడు. లేచి వెళ్ళి తనే మూత క్లిప్పు మీద వేలు వేసింది. షర్షేన్ గబగబా వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నేను తీస్తా. నువ్వు జరుగు."

క్లిప్పులు రెండూ టక్కుటక్కుమన్నాయి. గోధుమరంగు మూతని ఆమెకి కనపడకుండా తనవైపు తిప్పుకుని, ఎండలోకి పట్టి, ఎంతోసేపు చూశాడు. చూసి, కూర్చోవాలనుకున్న చోట ఏమీ లేకపోవడంతో నేలమీదే చతికిలబడ్డాడు.

"మళ్ళీ చేశాడు," అన్నాడు. "వెధవ. మళ్ళీ చేశాడు."

"ఎవరు? ఏం చేశాడు?"

"పెన్సిల్‌తో గీశాడు బురుల్. ఐదో గదికీ నాలుగో గదికీ మధ్యలో గీత. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. పెన్సిల్ ముల్లు బొగ్గుజాతి. దానిమీద కరెంటు నడిచిపోతుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఏమీ తెలీదు. బరువుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పు దూకడం కష్టమవుతుంది. దూకడం కష్టమైతే అది పాకే దారి వెతుక్కుంటుంది. మనుషులూ అంతేగా. ఐదుకి పోవాల్సింది నాలుగులో పేలుతుంది. సరిగ్గా కొండ మధ్యలో బండి కాళ్ళు విరిగిపోతాయి. పని తెలిసినవాడు చేసే పని ఇది."

"మళ్ళీ అన్నావే," అంది బురుల్. "మళ్ళీ అంటే?"

షర్షేన్ మూతని రెండు చేతుల్లో పట్టుకుని దానితోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "వాగులోంచి బండి లాగించాక ఇంజిన్ విప్పింది నేనేగా. అప్పుడూ ఉంది. ఇదే చోట, ఇలాంటిదే. కరెంటు నడిచి నడిచి నల్లగా మాడిన గీత. ఎసెన్‌గుల్ తాగలేదు. వాడి బండికి కాళ్ళు విరగ్గొట్టి కొండమీదకి పంపారు. నాకు తెలుసు. ఆ రోజు నుంచీ తెలుసు."

బురుల్‌కి ముందు ఏమీ వినిపించలేదు. ఎనిమిదేళ్ళు ఏ మాట కోసం చెవులు కాయలు కాచేలా ఎదురుచూసిందో ఆ మాట, టీ చల్లారుతుందన్నంత తేలిగ్గా వచ్చేసింది. తర్వాత దాని వెనక మాట కూడా చెవిలో పడింది.

"తెలుసా?" అంది. "తెలిసి నోరు మూసుకున్నావా?"

"క్షేత్రం పంచినప్పుడు ట్రక్కు అన్నకొచ్చింది, గొర్రెలు తమ్ముడికొచ్చాయి. ఆ బండి కనుమెలా దాటుతుందో చూస్తానని జపార్ పదిమందిలో అరిచాడు, నువ్వూ విన్నావు. వాడికీ బండిపని వచ్చు, నేనే నేర్పాను. వాగు దగ్గర నాకంటే ముందు ఆ మూత విప్పి చూసి మళ్ళీ మూసిందీ వాడే. మీ అత్తని ఆఖరు నిమిషంలో ఎక్కించారు, అది వాడికి తెలీదు. కుందుజ్‌కి అప్పుడు ఏడోనెల, తొలిచూలు. నేను నోరు తెరిస్తే అల్లుడు జైలుకి, కూతురు నా గుమ్మానికి. మూత తుడిచేశాను బురుల్. పెట్రోలు గుడ్డతో తుడిచేశాను."

"నా మొగుడి సమాధి మీద ఏటేటా ఎవరో ఖాళీ సీసా పెట్టి పోతున్నారు. నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నోసార్లు నువ్వు ఆ పక్కనుంచే వెళ్ళుంటావు. ఒక్కసారైనా తీసి పారేశావా?"

షర్షేన్ మూతని ఒళ్ళోకి దించుకున్నాడు.

"పెళ్ళిళ్ళలో నాకు చివరి వరసలో పీట వేస్తారు. సరే. నా వెనక నవ్వుతారు. సరే. అదంతా పోనీ పెద్దయ్యా." బురుల్ గొంతు పెరగలేదు, అణిగింది. "కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది. ఇంతమంది అంటున్నారు, నిజంగానే తాగాడేమోనని. ఆ రోజు పొద్దున నా చేతి టీ తాగి పోయినవాణ్ణి, నోటివాసన నాకు తెలిసినవాణ్ణి, నేనే అనుమానించాను. చలికాలం రాత్రులు గోడవైపు తిరిగి వాణ్ణి తిట్టుకునేదాన్ని. తల్లిని చంపావురా, నన్ను నడివీధిలో నిలబెట్టావురా అని. నీ కూతురు కాపురం నిలబెట్టుకున్నావు, బాగుంది. నాకు చచ్చిన మొగుడు కూడా మిగలకుండా చేశావు."

"చెయ్యెత్తి కొట్టు. పడతాను," అన్నాడు షర్షేన్. "కానీ ఈసారి నోరు మూసుకోను. నిన్ను కూడా చంపాలని చూశాడు వాడు. ఈ మూత పట్టుకుని రేపు పెద్దల ముందు నిలబడతాను. కుందుజ్ ఏమైతే అదవుతుంది. ఇదిగో, నీ కళ్ళతో చూసుకో."

మూతని ఆమె చేతిలో పెట్టాడు.

లోపల చుట్టూ ఎనిమిది గదులు, మధ్యలో ఒకటి. రెండు గదుల మధ్య గోడమీద పెన్సిల్ మెరుపు. షర్షేన్‌కి కళ్ళద్దాలు పెట్టుకున్నా చూపు అంతంతమాత్రం. పైగా పాత అరబ్బీ లిపి ఆయనకి తెలీదు. ఆ ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకది గీతలా కనిపించింది. బురుల్‌కి గీతలా కనిపించలేదు. కుడి నుంచి ఎడమకి, ఒక వంపు, ఒక నిలువు, కింద రెండు చుక్కలు. వాళ్ళ నాయనమ్మ నేర్పిన ఒకే ఒక్క మాట. కాపాడు అని దేవుణ్ణి అడిగే మాట. బురుల్‌కి చదవడం రాదు, వెయ్యడం మాత్రం వచ్చు, పువ్వు వేసినట్టు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తింటి గుమ్మం మీదా వేసింది.

మొన్న సాయంత్రం పెద్దలు తలూపి వెళ్ళాక, చేతులూ కాళ్ళూ కడుక్కుని, తన చేత్తో తనే రాసింది.

ఎనిమిదేళ్ళ కిందట కూడా రాసింది. అప్పుడామె ముందు బండి అద్దానికి ఒక తోలు తాయెత్తు కట్టింది. ఎసెన్‌గుల్ దాన్ని తెంపి వాగులోకి విసిరాడు. "బండిని నడిపేది పెట్రోలే పిచ్చిదానా, నీ తోలుసంచీ కాదు," అని నవ్వాడు. అతనికి కనపడని చోట రాయాలనుకుంది. తడి పొద్దుల్లో అతను ఆ మూత విప్పి తుడవడం చూసింది. దాంట్లోంచి ఇంజిన్ మొత్తానికీ ప్రాణం వెళుతుందని అతనే చెప్పాడు. ప్రాణం ఉన్నచోటే రాద్దామనుకుంది. నున్నటి మూతమీద సిరా నిలవలేదు. పెన్సిల్ నిలిచింది.

బండి పడిపోయాక ఆమె చాలాసార్లు అనుకుంది, ఆనాడు కాళ్ళు కడుక్కోకుండా హడావిడిగా రాశాననీ, అందుకే ఫలించలేదనీ. అందుకే ఈసారి శుభ్రంగా, నిదానంగా, ఒకదాని మీద ఒకటి మూడుసార్లు దిద్ది మరీ రాసింది.

"సిరాతో..." అంది. "సిరాతో గీస్తే కూడా ఇలాగే అవుతుందా పెద్దయ్యా?"

"సిరాతో ఏమీ కాదు. పిచ్చి ప్రశ్నలేంటి ఇప్పుడు?"

ఏమీ కాదట. సిరా నిలిచి ఉంటే అతను బతికేవాడు. అత్త బతికేది. మాటలో తప్పేమీ లేదు, అడిగినందులో తప్పు లేదు, రాసిన చేతిలో చెడు లేదు. ఒక పెన్సిల్ ముక్క. అంతే. బురుల్ ఏడవలేదు. ఆమెకి ముందుగా వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు. మొగుణ్ణి తిట్టుకున్న ఆ రాత్రులన్నిటికీ సిగ్గు. ఆ తర్వాత వచ్చింది భయం. ఆమె కళ్ళు బల్లమీదికి పోయాయి. అక్కడ పెట్రోలు గుడ్డ ఉంది. ఒక్క రుద్దు చాలు.

అప్పుడే షెడ్డు తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. జపార్. నలభై దాటినా నడుం వంగని మనిషి. అన్న పోలికే, నవ్వు ఒక్కటే తక్కువ. ఈ ఎనిమిదేళ్ళలో వదిన ఎదురైతే తల పక్కకి తిప్పుకునేవాడు తప్ప ముఖంలోకి చూసి ఎరగడు. ఇప్పుడూ షర్షేన్‌తోనే మాట్లాడాడు.

"పెద్దలు అడిగి రమ్మన్నారు మావా. బండి ఎక్కుతుందా, లేదా? ఎక్కకపోతే ఆ గుడారాలు నేను సాయంత్రమే కట్టించుకోవాలి."

"ఎక్కదని నీకు తెలీదూ?" షర్షేన్ లేచాడు. అంత ముసలివాడిలో అంత గొంతు ఉందని షెడ్డుకే తెలీదు. "ఎక్కకుండా చేసినవాడివి నువ్వే కదరా!"

"ఏంటి?"

"నటించకురా. ఎనిమిదేళ్ళు నీకు నా ఇంట్లో రొట్టె పెట్టాను. నీ అన్నని చంపినవాడివని తెలిసి పెట్టాను. నీ తల్లిని చంపినవాడివని తెలిసి, నా కూతురి మొహం చూసి, నీ గిన్నెలో టీ పోశాను. నీకు సిగ్గు లేకపోయినా నాకు చచ్చేంత సిగ్గు ఉంది. పెన్సిల్ గీత గీసి అన్నని కొండమీదకి పంపావు. ఇప్పుడు వదిన మిగిలింది. అంతేనా?"

జపార్ నవ్వబోయాడు. మామ బల్లమీంచి పెద్దపానా అందుకోవడం చూసి ఆగాడు. "ఏం గీత మావా? ఏం మాట్లాడుతున్నావు? మా అమ్మ కూర్చున్న బండికి నేను..."

"రేపు పెద్దల ముందు చెబుదువుగాని. ఆ తర్వాత పోలీసులకి."

బురుల్ నిలబడే ఉంది, మూత చేతిలో పెట్టుకుని. ఆమె చేయవలసిందల్లా నోరు తెరవడం. తెరిస్తే రెండు మాటలు. కానీ ఆ రెండు మాటలూ గొంతు దాటకముందే ఇంకో మాట లోపల లేచి కూర్చుంది. ఊరుకో అంది. నువ్వేం అబద్ధం చెప్పలేదు, అన్నీ ఆ ముసలాయనే చెబుతున్నాడు. నువ్వు ఊరుకుంటే చాలు. రేపు మధ్యాహ్నానికల్లా ఎసెన్‌గుల్ తాగుబోతు కాదు. ఎల్లుండి నీ ముందు సీట్లో ముసలమ్మ ఉంటుంది. సమాధి మీద సీసా ఉండదు. దానికి బదులు పోయేది ఎవరు? అన్న శవం ఇంట్లో ఉండగానే తాగుబోతన్నవాడు. వాడు పోతే నీకేం?

ఒక ఊపిరి తీసింది. వదిలింది. ఇంకొకటి తీసింది. షర్షేన్ ఎనిమిదేళ్ళు నోరు ఎలా మూసుకున్నాడో ఆమెకి అప్పుడు అర్థమైంది. పెద్ద కష్టమేం కాదు. ఒక్కో ఊపిరి చొప్పున ఊరుకుంటూ పోవడమే.

"ఇలా తే," అని షర్షేన్ ఆమె చేతిలోంచి మూత లాక్కుని అల్లుడి గుండెకేసి కొట్టినట్టు పెట్టాడు. "చూడు. నీ చేతిపనేగా. చూసుకో!"

జపార్ మూతని అందుకున్నాడు. కోపంగానే దాన్ని వెలుగులోకి తిప్పాడు. చూశాడు. బొటనవేలు ఆ రాత మీదకి వెళ్ళి, తుడవబోయినట్టు వెళ్ళి, తాకకుండా పక్కన నిలిచింది. మామ వైపు తిరిగి ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడితో అతని మీది నింద పోయేది. అతను మామ వైపు తిరగలేదు.

ఎనిమిదేళ్ళలో మొదటిసారి బురుల్ ముఖంలోకి సూటిగా చూశాడు.

"మళ్ళీ రాశావా వదినా?" అన్నాడు.